పాత ఆటోమేటిక్ క్యాంపర్ వ్యాన్‌తో క్యారవాన్ లాగాలంటే: చూడాల్సింది ఇంజిన్‌ని కాదు, వేడిని

బ్రిటన్‌లో పాత క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకునే, వండుకునే ఏర్పాటున్న వ్యాన్) ఉన్నవాళ్ళు దాని వెనక ఒక క్యారవాన్ (ఇంజిన్ లేని, చక్రాల మీది చిన్న ఇల్లు) తగిలించాలనుకున్నప్పుడు ముందుగా అడిగేది ఒకటే: "మా ఇంజిన్ లాగుతుందా?" లాగుతుంది. 2.5 లీటర్ల టర్బో డీజిల్ ఉన్న వ్యాన్ టన్ను బరువున్న క్యారవాన్‌ను చదును రోడ్డు మీద పెద్దగా కష్టపడకుండానే లాక్కుపోతుంది. చిక్కంతా ఆ శక్తిని చక్రాలకు చేరవేసే ఆటోమేటిక్ గేర్ బాక్స్‌తోనే. అది ఎంత వేడిని తట్టుకుంటుంది? ఆ వేడి బయటికి పోయే దారులు పాతికేళ్ళ తర్వాత ఎంతవరకు బాగున్నాయి? ఇవి అడగకుండా వెనక టో బార్ (క్యారవాన్ తగిలించే కడ్డీ) బిగించుకుని, మొదటి పెద్ద ఎత్తు మీదే గేర్ బాక్స్ పోగొట్టుకునేవాళ్ళున్నారు. పాత బండికి గేర్ బాక్స్ మార్చే ఖర్చు చాలాసార్లు ఆ బండి ధరకు దగ్గరగా వస్తుంది. అంటే గేర్ బాక్స్ పోతే బండే పోయినట్టు.

వ్యాన్‌లోనే పడుకోవచ్చు కదా, మళ్ళీ క్యారవాన్ ఎందుకు అనిపించవచ్చు. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో దీనికి మామూలు కారణమే ఉంటుంది. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో విజిటర్ వీసా మీద వస్తారు. వ్యాన్ పైకప్పు లేపితే వచ్చే మంచం మీదికి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కలేరు. రాత్రిపూట టాయిలెట్ కోసం క్యాంపింగ్ సైటులో ఆ చివరికి నడవమనలేం. పెద్దవాళ్ళకు సరైన మంచం, లోపలే బాత్రూం ఉన్న చిన్న క్యారవాన్, పిల్లలతో మనకి వ్యాన్. కోరిక సబబైనదే. అందుకే దీన్ని "పాత బండితో పెట్టుకోకండి" అని ఒక్క మాటలో కొట్టిపారేయకూడదు.

ఉదాహరణకు మాజ్దా బోంగో ఫ్రెండీని తీసుకుంటాను. 1995 నుంచి 2005 దాకా జపాన్‌లో తయారైన ఈ బండి సెకండ్ హ్యాండ్‌లో వందలు వేలుగా బ్రిటన్‌కు దిగుమతై క్యాంపర్‌గా మారింది. ఫోర్డ్ ఫ్రెడా పేరుతో కనిపించేదీ ఇదే బండి. ఎక్కువగా 2.5 టర్బో డీజిల్, లేదంటే 2.5 వీ6 పెట్రోల్. దాదాపు అన్నీ నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లే. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, రేడియేటర్ బండి ముక్కు దగ్గర ఉంటుంది. ఆ మధ్య దూరం ఎంత ముఖ్యమో కాసేపట్లో చూద్దాం. ఫోక్స్‌వ్యాగన్ టీ4 ఆటోమేటిక్ ఉన్నవాళ్ళకీ, టొయోటా, నిస్సాన్ దిగుమతి వ్యాన్లున్నవాళ్ళకీ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

మూడు పరిమితులు కలిపేసుకోవడం

గందరగోళం ఎక్కువగా పుట్టేది ఇక్కడే. లైసెన్స్ ఇచ్చే పరిమితి ఒకటి, బండి తయారుచేసినవాళ్ళు ఇచ్చే పరిమితి ఇంకొకటి, ఈ రోజు మన ముందున్న బండికి ఉన్న పరిమితి మరొకటి. ఒకదాని గురించి అడిగితే ఇంకొకదాని జవాబు చెబుతుంటారు.

లైసెన్స్ సంగతి తేలిక. 1997 జనవరి 1 నుంచి కారు పరీక్ష పాసైనవాళ్ళకు బరువైన ట్రైలర్ లాగాలంటే ఇంకో పరీక్ష ఉండేది. 2021 డిసెంబర్ 16 నుంచి అది తీసేశారు. మామూలు కారు లైసెన్స్‌తోనే 3,500 కిలోల దాకా ట్రైలర్ లాగవచ్చు. ఆటోమేటిక్‌లో పరీక్ష పాసైనవాళ్ళు ఆటోమేటిక్ బళ్ళే నడపాలన్న నిబంధన మాత్రం అలాగే ఉంది. అయితే ఈ 3,500 చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. అది మనిషికి ఇచ్చిన అనుమతి. బండికి అంత బలం ఉందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

రెండోది బండి ప్లేటు మీద ఉంటుంది. యూరప్ కోసం తయారైన బళ్ళకు డోర్ దగ్గరో బోనెట్ కిందో ఒక ప్లేటు కనిపిస్తుంది. అందులో మొదటి బరువు బండి నిండా సామాను, మనుషులతో ఉండదగిన గరిష్ఠ బరువు. రెండోది బండి, ట్రైలర్ కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు, అంటే గ్రాస్ ట్రెయిన్ వెయిట్. ఆ కింద ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు), వెనక యాక్సిల్ పరిమితులు. మొదటిది 2,300, రెండోది 3,600 ఉందనుకోండి. నిండుగా ఉన్న వ్యాన్ 1,300 కిలోలు లాగవచ్చు. ఈ లెక్క ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. నిండా లోడుతో ఉన్న బండీ ట్రైలరూ 12 శాతం ఎత్తు మీద ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆగి బయల్దేరగలగాలన్నది యూరప్ పరీక్ష. ఆ పరీక్ష చేసేది కొత్త బండితో. కొత్త రేడియేటర్, కొత్త ఆయిల్, కొత్త క్లచ్ ప్లేట్లతో.

జపాన్ మార్కెట్ కోసం తయారైన బోంగో లాంటి బళ్ళ ప్లేటు మీద ఈ ట్రెయిన్ వెయిటే ఉండదు. అందుకే "ఇది ఎంత లాగుతుంది" అంటే తలో అంకె చెబుతారు. బ్రిటన్‌లో క్యారవాన్ వాళ్ళ మధ్య ప్రచారంలో ఉన్న సలహా ఒకటుంది: క్యారవాన్ గరిష్ఠ బరువు, లాగే బండి ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదు. 1,750 కిలోల వ్యాన్‌కు అది దాదాపు 1,490 కిలోలు అవుతుంది. ఆ సలహా నిలకడ కోసం పెట్టింది, గేర్ బాక్స్ కోసం కాదు. పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌కు నేనైతే 65 శాతం దగ్గరే ఆగమంటాను, అంటే 1,100 కిలోల చుట్టుపక్కల. రెండు పడకల చిన్న క్యారవాన్లు ఆ బరువులో దొరుకుతాయి. ఇది చట్టం కాదు, నా అభిప్రాయం. మూడో పరిమితి, అంటే ఈ రోజు మన ముందున్న బండిది, తేలేది గేర్ బాక్స్ వేడి దగ్గరే. కారణం ఇప్పుడు చెబుతాను.

వేడి పుట్టే చోటు

మాన్యువల్ బండిలో ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉంటుంది. పెడల్ వదిలాక రెండూ ఒకటిగా తిరుగుతాయి. ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. లోపల ఎదురెదురుగా రెండు రెక్కల చక్రాలు, మధ్యలో స్టేటర్ అనే చిన్న చక్రం, చుట్టూ నిండా ఆయిల్. ఇంజిన్ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అది ఆయిల్‌ను విసురుతుంది, ఆ ఆయిల్ రెండో చక్రాన్ని తిప్పుతుంది. బండి కదిలే మొదటి క్షణాల్లో ఈ ఏర్పాటు టార్క్‌ను సుమారు రెండింతలు చేస్తుంది. క్యారవాన్‌తో ఎత్తు మీద ఆగి మళ్ళీ బయల్దేరడం ఆటోమేటిక్‌లో సుఖంగా ఉండేది ఇందుకే. క్లచ్ కాలిన వాసన రాదు, బండి కుదుపుల్లేకుండా సాగుతుంది. వెనక్కి వెళ్ళి క్యారవాన్ హుక్కుకు అంగుళం అంగుళం చొప్పున చేరడానికీ ఆటోమేటిక్ నెమ్మదితనం ఎంతో మేలు. లాగడానికి ఆటోమేటిక్ పనికిరాదనేవాళ్ళ మాట నిజం కాదు.

కానీ ఆ రెండు చక్రాలు ఒకే వేగంతో తిరగనంతసేపూ మధ్యలో ఆయిల్ చిలుకుడు పడుతూనే ఉంటుంది. ఆ తేడా అంతా వేడిగా మారుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. వ్యాన్ 2,200, క్యారవాన్ 1,100, మొత్తం 3,300 కిలోలు. 6 శాతం ఎత్తు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతోంది. బరువును పైకి మోయడానికే 27 కిలోవాట్లు కావాలి. టైర్ల రాపిడి, గాలి కలిపితే 40 దగ్గరికి వస్తుంది. టార్క్ కన్వర్టర్ లాక్ కాకుండా 88 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుంటే, ఆ 40 చక్రాలకు చేరాలంటే ఇంజిన్ 45 పైచిలుకు ఇవ్వాలి. మిగిలిన 5 కిలోవాట్ల పైచిలుకు ఆ ఆయిల్‌లోకే పోతుంది. ఇక్కడి వంటింట్లో వాడే 3 కిలోవాట్ల ఎలక్ట్రిక్ కెటిల్స్ దాదాపు రెండింటిని గేర్ బాక్స్ లోపల పెట్టి, ఎత్తు అయిపోయేదాకా ఆపకుండా మరిగించినట్టు. అందులో ఉండే ఆయిల్ కొన్ని లీటర్లే.

దీనికి విరుగుడు లాకప్ క్లచ్. వేగం కుదురుకున్నాక ఈ క్లచ్ ఆ రెండు చక్రాలనూ బిగించి ఒకటి చేస్తుంది, జారుడు ఆగుతుంది, వేడి ఒక్కసారిగా తగ్గుతుంది. పాత ఆటోమేటిక్‌లలో ఇది చాలావరకు పై గేర్లలో, ఒక వేగం దాటాకే పడుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే విడిపోతుంది. క్యారవాన్‌తో చిన్న చిన్న ఎత్తులున్న రోడ్డు మీద నాలుగో గేరులో పోతుంటే ఏమవుతుందో గమనించండి. ఇంజిన్ చప్పుడు ఒకసారి పెరుగుతుంది, కాసేపటికి తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. లాకప్ పడడం, విడిపోవడం, నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు. ప్రతి మార్పులోనూ ఆటోమేటిక్ గేర్ బాక్స్ లోపల గేర్లు మార్చే చిన్న క్లచ్ ప్లేట్లు కొంత జారి, కొంత అరిగి, కొంత వేడి పుట్టించి కుదురుకుంటాయి. వ్యాన్ ఒక్కటే వెళ్ళినప్పుడు గంటకు నాలుగుసార్లు జరిగేది క్యారవాన్‌తో నిమిషానికోసారి జరుగుతుంది.

అందుకే ఈ బళ్ళలో నాలుగో గేరును ఆపే ఏర్పాటు ఉంటుంది. కొన్నింట్లో ఓవర్‌డ్రైవ్ ఆఫ్ బటన్, కొన్నింట్లో హోల్డ్ బటన్, కొన్నింట్లో లివరును 3 దగ్గరికి లాగడం. మీ బండిలో ఏది ఏం చేస్తుందో హ్యాండ్‌బుక్‌లో చూసి తెలుసుకోవాలి, ఎందుకంటే హోల్డ్ అన్ని బళ్ళలో ఒకేలా పనిచేయదు. ఈ గేర్ బాక్స్‌లలో మూడో గేరు మామూలుగా డైరెక్ట్, అంటే ఇంజిన్ ఎంత తిరిగితే బయటికి అంతే. లాగేటప్పుడు దానికి మించిన సుఖమైన గేరు లేదు. ఇంజిన్ కాస్త ఎక్కువ తిరుగుతుంది, డీజిల్ కాస్త ఎక్కువ పోతుంది, చప్పుడుకు ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. పోనివ్వండి. ఇంజిన్ ఎక్కువ తిరిగితే వాటర్ పంపు, ఆయిల్ పంపు కూడా ఎక్కువ తిరుగుతాయి, చల్లదనం పెరుగుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో మూలుగుతూ ఎక్కడం బండికి మంచిదన్న నమ్మకం లాగుడు విషయంలో పూర్తిగా తలకిందులు.

ఆయిల్, దాన్ని చల్లార్చే కూలర్

ఆటోమేటిక్ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య హాయిగా ఉంటుంది. ఆపైన ప్రతి 10, 11 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది గేర్ బాక్స్ మెకానిక్‌లు వాడే మోటు లెక్క. 120 దాటితే ఆయిల్ జిగటగా మారి వాల్వుల మీద పొరకట్టడం మొదలవుతుంది. ఇంకా పైకి పోతే రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి, క్లచ్ ప్లేట్లు మాడతాయి. మాడిన ప్లేటు మరింత జారుతుంది, జారితే మరింత వేడి. అక్కడి నుంచి వెనక్కి రావడం ఉండదు.

కాబట్టి టో బార్‌కి డబ్బు కట్టే ముందు గేర్ బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీయండి. అది ఉన్న బళ్ళలో, బండి బాగా వేడెక్కాక, హ్యాండ్‌బుక్ చెప్పిన పద్ధతిలో. రెండు చుక్కలు తెల్లటి టిష్యూ మీద వేసి కాసేపు ఆగండి. ఎర్రగా, పల్చగా పాకితే సంతోషం. గోధుమ రంగుకు తిరిగి, మధ్యలో నల్లటి మచ్చ నిలిచి, కాలిన వాసన వస్తే ఆ గేర్ బాక్స్ ఇప్పటికే చాలా చూసింది. తర్వాత ఆయిల్ పాన్ దింపించి ఫిల్టర్ మార్పించాలి. పాన్ అడుగున చిన్న అయస్కాంతాలుంటాయి. వాటికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉండడం సహజం, అన్నేళ్ళ అరుగుదల అది. వేలికి గుచ్చుకునే లోహపు తునకలు కనిపిస్తే మాత్రం క్యారవాన్ ఆలోచన అక్కడితో ఆపేయడమే మంచిది. ఒక్కసారి పాన్ ఖాళీ చేస్తే పాత ఆయిల్ మొత్తం పోదు, కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది. కొన్ని వారాల తేడాతో రెండు మూడుసార్లు మార్పించడం నెమ్మదైన, క్షేమమైన దారి.

కూలర్ సంగతికి వద్దాం. చాలా జపాన్ బళ్ళలో గేర్ బాక్స్ ఆయిల్ పైపు రేడియేటర్ ట్యాంకులోంచి వెళ్ళి చల్లబడి వస్తుంది. టీ4లో గేర్ బాక్స్‌కే అంటిపెట్టుకుని ఆయిల్, నీరు పక్కపక్కన పారే చిన్న పెట్టె ఉంటుంది. రెండింటిలోనూ గేర్ బాక్స్ వేడి చివరికి ఇంజిన్ కూలెంట్‌లోనే, అంటే ఇంజిన్‌ను చల్లార్చే ద్రవంలోనే కలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ కూడా గరిష్ఠంగా వేడెక్కుతుంది. ఇద్దరి భారమూ ఒకే రేడియేటర్ మీద, అదీ సరిగ్గా ఒకే సమయంలో. పాతికేళ్ళ రేడియేటర్‌లో సన్నటి గొట్టాలు కొన్ని పూడుకుపోయి ఉంటాయి. ముందున్న రేకులు ఉప్పు రోడ్ల మీద తిరిగి తిరిగి, చేత్తో తాకితే పొడిగా రాలతాయి. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లు పడితే ఇంకా ఘోరం. ఆయిల్, కూలెంట్ కలిసి గులాబీ రంగు నురుగు అవుతుంది. కూలెంట్‌లోని గ్లైకాల్ అనే రసాయనం క్లచ్ ప్లేట్ల లైనింగును ఊడదీస్తుంది.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో డబ్బుకు తగిన ఫలితమిచ్చే పని విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టించడం. రేడియేటర్ ముందు, గాలి నేరుగా తగిలేచోట. రేడియేటర్ కూలర్ నుంచి బయటికొచ్చిన ఆయిల్ దీంట్లోకి వెళ్ళి అక్కడినుంచి గేర్ బాక్స్‌కు చేరాలి. బ్రిటన్ చలికాలంలో ఆయిల్ మరీ చల్లబడకుండా థర్మోస్టాట్ ఉన్నది తీసుకోవాలి. దానితోపాటే ఆయిల్ వేడి చూపే మీటరు ఒకటి డ్యాష్‌బోర్డు మీద. 110 చూపితే వేగం తగ్గించడం, 120కి చేరుతుంటే సురక్షితమైన చోట ఆపడం. ఆపాక వెంటనే ఇంజిన్ కట్టేయకండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో కాసేపు నడవనిస్తే ఆయిల్ కూలర్లోంచి తిరుగుతూ చల్లబడుతుంది.

బోంగో కూలెంట్

ముందు చెప్పిన దూరం సంగతి ఇది. ఇంజిన్ సీట్ల కింద, రేడియేటర్ ముందు. మధ్యలో బండి కింద నుంచి పొడవాటి పైపులు, రబ్బరు గొట్టాలు, అతుకులు. లోహపు పైపులు తుప్పు పడతాయి. ఎక్కడో ఒక అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతుంది. అది ఆవిరైపోతుంది కాబట్టి నేల మీద మరక కనపడదు. మట్టం తగ్గితే లోపల గాలి చేరుతుంది. సిలిండర్ హెడ్ వేడెక్కి పగుళ్ళిస్తుంది. బోంగో డీజిల్ యజమానులందరూ భయపడే జబ్బు ఇదే. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్ముకోవడానికీ లేదు. మామూలు వేడిలో చాలా పెద్ద తేడా వచ్చినా అది మధ్యలోనే నిలబడేలా తయారైంది. పైగా సెన్సర్ చుట్టూ నీరు లేకపోతే అది కొలిచేది గాలిని.

బ్రిటన్‌లో బోంగో వాళ్ళు కూలెంట్ మట్టం తగ్గగానే మోగే అలారం పెట్టించుకుంటారు. వ్యాన్ ఒక్కటే తిరిగినా అది మంచిదే. క్యారవాన్ లాగాలంటే అది తప్పనిసరి అంటాను. గొట్టాలన్నీ మార్పించి, కూలెంట్ పోశాక లోపలి గాలిని ఓపిగ్గా తీయించే మెకానిక్ దగ్గరికే వెళ్ళండి. ఈ పొడవాటి పైపుల్లో గాలి బుడగ చిక్కుకోవడం చాలా సులువు.

కాటా అబద్ధం చెప్పదు

క్యాంపర్ యజమానులు తమ బండి బరువును ఎప్పుడూ తక్కువగానే ఊహించుకుంటారు. అమ్మినప్పటి పుస్తకంలోని బరువు సీట్లున్న వ్యాన్‌ది. ఆ తర్వాత వంటగది అల్మారా, రెండో బ్యాటరీ, నీళ్ళ ట్యాంకు, గ్యాస్ సిలిండర్, పక్కన చుట్టి ఉండే ఆనింగ్ (లాగితే పందిరిలా పరుచుకునే గుడ్డ), వెనక సైకిళ్ళు వచ్చి చేరాయి. మనుషులు, బియ్యం బస్తా, ఇడ్లీ పాత్ర, పచ్చళ్ళు సరేసరి. పబ్లిక్ వే బ్రిడ్జి మీద కొద్దిపాటి రుసుముతో తూకం చీటీ ఇస్తారు. ప్రయాణానికి సర్దినట్టే సర్దుకుని, అందరూ కూర్చుని, ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా తూయించాలి.

వెనక యాక్సిల్‌ను ప్రత్యేకంగా ఎందుకు చూడాలంటే, క్యారవాన్ ముక్కు వ్యాన్ టో బాల్ (టో బార్ చివరి గుండు) మీద ఆనించే బరువు కనిపించినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. దాన్ని నోస్ వెయిట్ అంటారు. క్యారవాన్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలని మామూలు సలహా. 75 కిలోలు పెట్టారనుకోండి. వ్యాన్ చక్రాల మధ్య దూరం 2.9 మీటర్లు, టో బాల్ వెనక చక్రాలకు 1.1 మీటర్ల వెనక. మీట సూత్రం ప్రకారం వెనక యాక్సిల్ మీద పెరిగే బరువు 75 కాదు, 103 కిలోలు. ఆ అదనపు 28 కిలోలు ముందు చక్రాల మీంచి లేచిపోయినవి. ముందు తేలికైతే స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. వ్యాన్ వెనక భాగంలో ఇప్పటికే మంచం, ట్యాంకు, సైకిళ్ళు ఉంటే పరిస్థితి మీరే ఊహించండి. లాగేరోజు సైకిళ్ళు వెనక నుంచి తీసి మరోచోట సర్దాలి. అలాగని క్యారవాన్ తోకలో పెట్టినా తప్పే. క్యారవాన్‌లో బరువైనవి యాక్సిల్ మీద, నేలకు దగ్గరగా ఉండాలి.

వెనక బరువుగా, ముక్కు తేలిగ్గా ఉన్న క్యారవాన్ ఒక వేగం దాటాక పాములా మెలికలు తిరగడం మొదలుపెడుతుంది. పక్కనుంచి లారీ దూసుకెళ్ళినా, దిగుడులో వేగం పెరిగినా, వంతెన మీద అడ్డగాలి కొట్టినా చాలు. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగ్‌తో దాని వెంటపడి సరిచేయబోవడం రెండూ ప్రమాదమే. యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, వేగం దానంతట అది పడిపోయేదాకా ఆగాలి. బ్రిటన్ హైవే కోడ్ చెప్పేదీ నిదానంగా వేగం తగ్గించమనే. స్టెబిలైజర్ (ఊగుడును తగ్గించే ఏర్పాటు) ఉన్న హిచ్, అంటే టో బాల్‌ను పట్టుకునే క్యారవాన్ కొక్కెం, కొంత కాపాడుతుంది, కానీ తప్పుగా సర్దిన సామానును అది సరిచేయలేదు. ఆ హిచ్‌లో రాపిడి ప్యాడ్లుంటాయి కాబట్టి టో బాల్‌కు గ్రీజు పూయకూడదు, ఉన్నది తుడిచేయాలి.

రోడ్డు మీద

క్యారవాన్‌తో రెండు వైపులా ట్రాఫిక్ ఉండే మామూలు రోడ్డు మీద గంటకు 50 మైళ్ళు, మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు, మోటార్‌వే మీద 60 మైళ్ళు గరిష్ఠం. మూడు అంతకన్నా ఎక్కువ లేన్లున్న మోటార్‌వేలో కుడి చివరి లేన్‌లోకి పోకూడదు. పాత వ్యాన్‌కు 60 ఎందుకు, 50-55 చాలు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 60 నుంచి 50కి దిగితే ఆ పద్దు 58 శాతానికి పడిపోతుంది. ఈ విషయంలో క్యాంపర్‌కు ఒక మంచి గుణం ఉంది. అది ఎలాగూ ఎత్తైన బండి, క్యారవాన్‌లో చాలా భాగం దాని వెనక దాగిపోతుంది. చిన్న కారు వెనక క్యారవాన్ గాలికి అడ్డం నిలబడినంతగా ఇక్కడ నిలబడదు.

దారి ఎంచుకోవడంలో మొహమాటం వద్దు. నార్త్ యార్క్‌షైర్‌లోని సట్టన్ బ్యాంక్ మీదికి క్యారవాన్లను అసలు రానివ్వరు. సోమర్సెట్‌లోని పోర్లాక్ కొండ రోడ్డు నాలుగు మీటర్లకు ఒక మీటరు చొప్పున లేస్తుంది. జీపీఎస్‌కు మీ వెనక టన్ను బరువుందని తెలియదు. దూరమైనా మెయిన్ రోడ్డే మేలు.

ఎత్తు రాకముందే మూడో గేరు వేసుకోవాలి, బండి తడబడ్డాక కాదు. ట్రాఫిక్‌లో ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. బండి కదలకుండా ఇంజిన్ గుంజుతున్నప్పుడు ఇంజిన్ ఇచ్చే శక్తి మొత్తం ఆయిల్‌లో వేడే. చాలామంది గుర్తించని ఇంకో చోటు సైటులోనే ఉంది. రోజంతా లాగి వేడెక్కిన బండితో, వాలుగా ఉన్న గడ్డి మీద, క్యారవాన్‌ను రివర్స్‌లో పైకి తోస్తూ ముందుకీ వెనక్కీ పావుగంట తిప్పడం. బండి నిలిచిపోయినంత పనవుతుంది కాబట్టి గాలి తగలదు, కన్వర్టర్ లాక్ కాదు. మోటార్‌వే మీద పడని దెబ్బ అక్కడ పడుతుంది. క్యారవాన్‌కు మోటార్ మూవర్ (దాని చక్రాలను తిప్పే చిన్న మోటారు) ఉంటే క్యారవాన్‌ను వ్యాన్ నుంచి విప్పి రిమోట్‌తో తోలండి. లేకపోతే నలుగురి సాయం అడగండి, సైటుల్లో ఎవరూ కాదనరు.

దిగేటప్పుడు మన తిరుమల, శ్రీశైలం ఘాట్ డ్రైవర్లు చెప్పే మాటే ఇక్కడా: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. ఆటోమేటిక్‌ను డి లో వదిలేస్తే అది పై గేరుకు పోయి ఇంజిన్ పట్టును వదిలేస్తుంది. క్యారవాన్ బ్రేకులు ఓవర్‌రన్ రకం, అంటే క్యారవాన్ వచ్చి వ్యాన్‌ను నెట్టినప్పుడే పడతాయి. పొడవాటి దిగుడులో అవి విడవకుండా రాపిడి పడుతూ వేడెక్కిపోవచ్చు. లివరు 3లో లేదా 2లో పెట్టి ఇంజిన్‌తో ఆపుకుంటూ, బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కి వదలడం, మళ్ళీ తొక్కి వదలడం చేయాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 1998 ఆగస్టు 1 నుంచి రోడ్డెక్కిన కార్లకు టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కు అధికారిక ఆమోదం) ఉన్న టో బార్ కావాలి. వ్యాన్ సాకెట్ పాత 7 పిన్నులదైతే, 2008 తర్వాతి క్యారవాన్ల 13 పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ కావాలి. క్యారవాన్ వ్యాన్ కన్నా వెడల్పుంటే అదనపు అద్దాలు, వెనక వ్యాన్ నంబరుతో పసుపు ప్లేటు, హిచ్ ఊడితే బ్రేకు వేసే బ్రేక్‌అవే కేబుల్. ఇన్సూరెన్స్ వాళ్ళకు లాగుతున్నట్టు ముందే చెప్పాలి. క్యారవాన్ టైర్లు తిరిగి అరగవు, నిలబడి పాడవుతాయి. గాడి ఎంత ఉన్నా 5 ఏళ్ళకు మార్చమనీ, 7 దాటొద్దనీ సలహా.

కూలర్, ఆయిల్ మార్పిడి, గొట్టాలు, అలారం, మీటరు, ఇంకా టో బార్, వైరింగ్ అన్నీ కలిపి అంచనా వేయించుకున్నాక ఆ మొత్తం చూసి వెనక్కి తగ్గాలనిపిస్తే తగ్గండి. మంచి ఆనింగ్ టెంట్ ఒకటి, నడుము ఎత్తున్న మడత మంచాలు రెండు, పోర్టబుల్ టాయిలెట్ కొనుక్కుంటే పెద్దవాళ్ళకు చాలావరకు సరిపోతుంది. ముందుకే వెళ్ళాలనుకుంటే మొదటిసారి సెలవుల రద్దీలో కాకుండా ఒక మామూలు ఆదివారం పొద్దున్నే, ఖాళీ క్యారవాన్‌తో, దగ్గర్లో ఒక మోస్తరు ఎత్తున్న రోడ్డు మీద తిరిగి రండి. కొండ మీద మీటరు ఎక్కడిదాకా వెళ్ళిందో, దిగాక ఎన్ని నిమిషాలకు కిందికొచ్చిందో కాగితం మీద రాసుకోండి. ఇంటికొచ్చాక టిష్యూ మీద మళ్ళీ రెండు చుక్కలు వేసి చూడండి. అదే కొండ మీద, సామాను నింపిన క్యారవాన్‌తో వారం తర్వాత మరోసారి వెళ్ళినప్పుడు ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే, మీ బండి అసలు పరిమితి ఎంతో అక్కడ కనపడుతుంది.